కొత్త బడికి నాలుగు గదుల ప్లాన్ వచ్చింది, గోడలు ఎక్కడ ఉండాలో చెప్పండి

పల్లెబడి_టీచర్ | ప్రకాశం జిల్లా | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పిల్లలు 84 మంది, టీచర్లం ఐదుగురం. మా బడిలో చదువుకుని బయట స్థిరపడినవాళ్లు కొందరు కలిసి కొత్తగా నాలుగు గదులు కట్టిస్తామని ముందుకొచ్చారు. అనుమతులు కూడా వచ్చేశాయి. నిన్న ఇంజినీరు గారు ప్లాన్ పంపారు. శుక్రవారం తల్లిదండ్రుల కమిటీ మీటింగు ఉంది. "మార్పులుంటే ఆలోపే చెప్పండి మేడమ్, పునాది తీశాక కష్టం" అన్నారు.

ప్లాన్‌లో నాలుగు గదులు వరసగా ఉన్నాయి. ఒక్కోటి 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు. ముందు 6 అడుగుల వరండా. నేను చదువుకున్న బడి ఇలాగే ఉండేది, మా అమ్మ చదువుకున్న బడీ ఇలాగే ఉండేది. కానీ మేం పాఠం చెప్పే తీరు మారింది. రోజూ ఒక గంట 3, 4, 5 తరగతుల పిల్లల్ని తరగతితో సంబంధం లేకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెడుతున్నాం. మొత్తం 52 మంది. ప్రస్తుతం అక్షరాల దగ్గర ఆగినవాళ్లు 9 మంది, పదాల దగ్గర 17, కథ చదవగలిగేవాళ్లు 26. రెండు నెలలకు ఈ లెక్క మారిపోతుంది, మారాలి కూడా. మూడు గ్రూపులు మూడు సైజుల్లో ఉంటే గదులన్నీ ఒకే సైజులో ఉన్నాయి.

పోయిన గురువారం సంగతి చెప్తాను. కథల గ్రూపు 26 మంది కింద గుండ్రంగా కూర్చోవాలంటే డెస్కులు బయటికి తీయాలి. ఇనుప ఫ్రేము ఉన్న డ్యూయల్ డెస్కులు, ఒక్కోదానికి నలుగురు పిల్లలు పట్టాలి. 12 డెస్కులు వరండాలోకి చేర్చేసరికి దారి మూసుకుపోయింది. ఐదో తరగతి పిల్లాడి కాలి బొటనవేలు డెస్కు కింద పడి గోరు నల్లబడింది. గడియారం చూస్తే 14 నిమిషాలు అయిపోయాయి. తిరిగి లోపల పెట్టడానికి ఇంకో పది. గంటలో దాదాపు సగం కూలిపనికే పోయింది. ఆ రోజు నుంచి డెస్కులు జరపడం మానేశాను, అంటే కథల గ్రూపు కూడా మళ్లీ వరసల్లోనే కూర్చుంటోంది.

ఇంకొకటి. 2022లో 117 జీవో వచ్చినప్పుడు మా 3, 4, 5 తరగతులు హైస్కూలుకు వెళ్లాయి. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నాక పిల్లలు మళ్లీ మా దగ్గరికి వచ్చారు. మూడేళ్లు తాళం వేసి ఉన్న గది ఇప్పుడు చాలడం లేదు. రేపు ఇంకేం మారుతుందో. భవనం మాత్రం యాభై ఏళ్లు ఉంటుంది.

ఆ యాభై ఏళ్లకీ పనికొచ్చేలా కట్టాలంటే ఏం అడగాలి? నాకు కట్టుబడి పని తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

స్లాబు_పిల్లరు | గుంటూరు | సోమవారం రాత్రి

టీచర్ గారూ, మొదట ఒక్క ప్రశ్న. ప్లాన్‌లో పిల్లర్లు ఉన్నాయా, లేక గోడల మీదే స్లాబు వేస్తున్నారా?

మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. గోడల మీద స్లాబు కూర్చుంటే ఆ గోడ భవనం కాలు లాంటిది. పదేళ్ల తర్వాత రెండు గదులు కలపాలనుకున్నా దాన్ని కదిలించలేరు. మీ పాత గదులు బహుశా అలాంటివే. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద రెండు పెద్ద గదులు, వెడల్పాటి వరండా ఇవ్వాలన్నారు. ఆ కాలపు కట్టడాలు చాలావరకు ఇలా గోడల మీద నిలబడ్డవే.

అదే పిల్లర్లు, బీములు వేసి కడితే బరువంతా వాటి మీద ఉంటుంది. మధ్య గోడ కేవలం తెర లాంటిది. ఇవాళ కావాలంటే కట్టుకోవచ్చు, రేపు వద్దంటే తీసేయొచ్చు. ఖర్చు కొంచెం పెరుగుతుంది గానీ మీరు అడిగే సౌకర్యానికి పునాది ఇదే.

ఒక జాగ్రత్త. "తెరే కదా" అని ఎవరో ఒకరు తర్వాత గునపం పట్టుకోకూడదు. ఏ గోడ తీయొచ్చో, ఏది తీయకూడదో డ్రాయింగులోనే రాయించండి, ఆ కాగితం లామినేషన్ చేయించి బడి రికార్డుల్లో పెట్టండి. 1967లో ఒంగోలు దగ్గర భూకంపం వచ్చిన జిల్లా మీది. గోడల్లేకుండా కూడా ఫ్రేము నిలబడేలా డిజైన్ చేయమని ఇంజినీరు గారికి ముందే చెప్పాలి.

---

పల్లెబడి_టీచర్

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను సార్. పిల్లర్లే అట. గదుల మధ్య 9 అంగుళాల గోడ వేస్తామన్నారు.

---

ఇద్దరుపిల్లల_అమ్మ | హైదరాబాద్ | మంగళవారం ఉదయం

మేడమ్, మా అనుభవం చెప్తాను. పాప చదివిన ప్రైవేటు స్కూల్లో అడ్మిషన్ రోజు అంతా తిప్పి చూపించారు. గదుల మధ్య మడతపెట్టే పార్టిషన్లు, రంగురంగుల మెత్తటి స్టూళ్లు, గాజు తలుపులు. చాలా సంబరపడ్డాం. రెండో నెల నుంచి పాప ఇంటికొచ్చి తలనొప్పి అనడం మొదలుపెట్టింది. ఓపెన్ డే రోజు వెళ్లి వెనక కూర్చుంటే అర్థమైంది. పక్క గదిలో పద్యం అప్పజెప్పిస్తుంటే ఇక్కడ లెక్కల టీచరు గొంతు చించుకుంటోంది. పార్టిషన్‌కీ స్లాబుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది. కింద పట్టాలో ఇసుక చేరి ఒక పలక సగంలోనే ఇరుక్కుపోయింది. మరుసటి ఏడు ప్లైవుడ్ కొట్టి శాశ్వతంగా మూసేశారు.

దయచేసి జరిగే గోడల జోలికి వెళ్లకండి. మామూలు ఇటుక గోడ మంచిది.

---

గీతలు_కొలతలు | హనుమకొండ | మంగళవారం ఉదయం

పైన అమ్మ చెప్పింది ఒక్క స్కూలు కథ కాదు, ప్రపంచమంతా జరిగింది. నేను ఆర్కిటెక్టును. స్కూళ్ల మీద ప్రత్యేకంగా పనిచేశాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1960లు, 70లలో అమెరికా, ఇంగ్లాండుల్లో "ఓపెన్ ప్లాన్" బడులు, అంటే తరగతుల మధ్య గోడలు లేని బడులు, విపరీతంగా కట్టారు. పిల్లవాడు తన వేగంతో చదవాలి, టీచర్లు కలిసి బోధించాలి అన్నది ఆలోచన. ఇంగ్లాండులో ప్రాథమిక విద్య మీద 1967లో వచ్చిన ప్లౌడెన్ నివేదిక దీనికి ఊపునిచ్చింది. ఆలోచనలో తప్పు లేదు. కానీ చాలాచోట్ల గోడలు తీసేసి అంతటితో పని అయిపోయిందనుకున్నారు. టీచర్లకు శిక్షణ లేదు, శబ్దం గురించి లెక్క లేదు. బీరువాలు అడ్డంపెట్టి టీచర్లే గోడలు కట్టుకున్నారు. తర్వాత నిజం గోడలే వచ్చాయి.

అదే కాలంలో కాలిఫోర్నియాలో ఎజ్రా ఎరెన్‌క్రాంట్జ్ అనే ఆర్కిటెక్టు నాయకత్వంలో ఎస్‌సీఎస్‌డీ అని బడుల కట్టుబడి పథకం ఒకటి నడిచింది. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు కలిసి స్తంభాలు దూరం దూరంగా ఉండే చట్రం, సీలింగులోనే దీపాలూ గాలీ, కింద ఎటైనా జరిపే గోడలు, అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారు చేయించుకున్నాయి. సాంకేతికంగా గొప్ప పని. నాకు అందులో నచ్చింది మాత్రం వేరే విషయం: ఎప్పటికీ ఉండేదాన్నీ, మారేదాన్నీ విడదీసి ఆలోచించారు. చట్రం యాభై ఏళ్లు, గోడ పదిహేనేళ్లు, బల్ల ఏడాది, చాప గంట. టీచర్ గారు రోజూ మార్చాల్సింది చాపను, బల్లను. గోడను కాదు. స్లాబు_పిల్లరు గారు చెప్పింది మొదటి మెట్టు, డెస్కుల సంగతి చివరి మెట్టు. మీ 24 నిమిషాలు పోయింది ఆ చివరి మెట్టు దగ్గరే.

ఇంకో ఉదాహరణ. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం విన్నెట్కాలో క్రో ఐలాండ్ అనే బడి ఉంది, 1940లో కట్టారు. ఒక్కో తరగతి గది ఎల్ ఆకారంలో ఉంటుంది. పెద్ద భాగంలో అందరూ కూర్చుంటారు, చిన్న భాగంలో నలుగురైదుగురు వేరే పని చేసుకుంటారు. టీచరుకు రెండూ కనిపిస్తాయి. దీనికి జరిగే గోడలతో పని లేదు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ మాంటిస్సోరి బడిలో హెర్మన్ హెర్ట్జ్‌బెర్గర్ కూడా ఇదే దారిలో వెళ్లాడు. గదిలో మూలలు, మెట్లు, తలుపు దగ్గర చిన్న అరుగు. పిల్లలు చోటును తమ పనికి తగ్గట్టు వాడుకుంటారు.

నా మాట ఇది: ఖాళీ హాలు కంటే మూలలున్న గది ఎక్కువ పనులకు పనికొస్తుంది. మీ నాలుగు గదులకూ మూలలు ఎక్కడినుంచి తేవాలంటే, వరండా నుంచి. 6 అడుగుల వరండా నడవడానికి సరిపోతుంది, కూర్చోవడానికి చాలదు. 9 గానీ 10 గానీ చేయించండి. 9 మంది అక్షరాల గ్రూపు అక్కడ హాయిగా కూర్చుంటుంది.

---

పాతబల్ల_పంతులు | మదనపల్లె | మంగళవారం మధ్యాహ్నం

నేను రిటైరైన ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. ఈ చర్చ చదువుతుంటే ఎప్పటి మాటలో గుర్తొచ్చాయి.

1984లో పైలట్‌గా మొదలై 90ల మధ్యదాకా నడిచిన ఏపీపీఈపీ ఎంతమందికి తెలుసో. బ్రిటిష్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. దాంట్లో గదులూ కట్టారు, మాకు శిక్షణా ఇచ్చారు. ఆరు సూత్రాలు చెప్పేవారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగా, గ్రూపులుగా, తరగతి మొత్తంగా మూడు రకాలుగా పని జరగాలి, పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించాలి, ఇలా. ఈ రోజు టీచరమ్మ పడుతున్న ఇబ్బంది నలభై ఏళ్ల కిందటే మేం పడ్డాం. గ్రూపులుగా కూర్చోబెట్టమన్నారు, కూర్చోబెట్టాం. కానీ ఐదు గ్రూపులుంటే నల్లబల్ల ఒకటే, అది కూడా పెద్దవాళ్ల ఎత్తులో. కాగితాలు అతికించడానికి మేకు కొడితే సున్నం పెచ్చులు ఊడేవి.

దీనికి సమాధానం నేను మా ఊరి పక్కనే చూశాను. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్ల చిన్న బడులు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు. గోడకు "నిచ్చెన" చార్టు ఉంటుంది. పిల్లవాడు తను ఏ మెట్టు మీదున్నాడో చూసుకుని, ట్రేలోంచి ఆ గుర్తున్న కార్డు తానే తెచ్చుకుని, ఆ పని చేసే గ్రూపులో వెళ్లి కూర్చుంటాడు. టీచరు కూడా కిందే. గోడకు అడుగున, పిల్లల చేతికందే ఎత్తులో చుట్టూ నల్లరంగు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క. తలమీద తాళ్లు కట్టి వాళ్లు వేసిన బొమ్మలు వేలాడదీస్తారు, గోడకు మేకు అవసరమే లేదు. 2003లో చెన్నై కార్పొరేషన్ వాళ్లు 13 బడుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టి, తర్వాత తమిళనాడు అంతటికీ తీసుకెళ్లారు.

ఒక ఆరేళ్ల పాపను చూశాను. గోడకు ఆనుకుని తన నల్లముక్క మీద "ఱ" రాసింది, నచ్చలేదు, అరచేత్తో తుడిచింది, మళ్లీ రాసింది. ఆరేడుసార్లు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ చూడటం లేదు. నా సర్వీసంతా నల్లబల్ల దగ్గరికి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచినవాణ్ణి. పిలిస్తే వణికేవాళ్లు. ఆ రోజు నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

అమ్మా, గోడలు ఎక్కడుండాలన్న దానికంటే గోడ కింది మూడడుగులు ఎవరివి అన్నది అడగండి. నున్నగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, మంచి బోర్డు పెయింటు వేయించండి. పెద్ద ఖర్చు కాదు.

---

యూడైస్_లెక్కలు | నెల్లూరు | మంగళవారం సాయంత్రం

అందరూ మంచి మాటలే చెప్తున్నారు గానీ ఒక కాగితం సంగతి మర్చిపోతున్నారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం టీచరుకొక తరగతి గది ఉండాలి. బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ రికార్డు యూడైస్‌లో గదుల సంఖ్య నింపాలి. రెండు గదులు కలిపి హాలు చేస్తే అది ఒక గదిగానే కనిపిస్తుంది. మేడమ్, మీకు పాతవి ఎన్ని వాడకంలో ఉన్నాయి?

---

పల్లెబడి_టీచర్

పాతవి రెండు సార్. ఒకదాంట్లో మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, రికార్డులు. ఇంకోటి వాడుతున్నాం. కొత్తవి నాలుగు కలిస్తే సరిగ్గా ఐదు. ఒక్క గోడ తీసేసినా ఐదుగురు టీచర్లకు నాలుగు గదులవుతాయి. హెచ్‌ఎం గారు కూడా ఇదే అన్నారు, "గది తగ్గే పని మాత్రం పెట్టొద్దు" అని.

---

యూడైస్_లెక్కలు

అదే నా భయం కూడా. హాలు వద్దు. మామూలుగానే కట్టించండి.

---

గీతలు_కొలతలు

సార్, ఐదు గదులు తరగతికొకటి చొప్పున పంచి, ఆ పంచినట్టే యాభై ఏళ్లు ఉంచాలంటే మళ్లీ మొదటికే వచ్చాం. గది లెక్క పోకుండా, అవసరమైన గంటలో కలిసేలా చేయొచ్చు. నాలుగింట్లో ఒక్క జతకు చాలు. మడత పార్టిషన్ పేరు చెబితే ఇద్దరుపిల్లల_అమ్మ గారు కోప్పడతారు, నేనూ అది వద్దంటాను.

---

తాపీ_పని | నరసరావుపేట | మంగళవారం రాత్రి

నేను మేస్త్రీని. ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కడుతున్నా. మా అబ్బాయి ఇది చదివి వినిపించాడు, వాడి చేతే రాయిస్తున్నా.

ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు "పెద్దోడి పెళ్లయ్యాక పక్కన ఇంకో గది వేస్తాం" అంటారు. అప్పుడు మేం ఆ గోడలో ముందే గుమ్మానికి లింటెల్, అంటే పైన అడ్డంగా ఉండే కాంక్రీటు దూలం, వేసేసి, కింద ఇటుకలతో మూసేస్తాం. మూసే ఇటుకలకు మాలులో సిమెంటు తక్కువ కలుపుతాం, పక్క గోడతో పళ్లు కలపం, అంటే ఇటుకలు ఒకదాంట్లోకి ఒకటి దూర్చం. ఐదేళ్ల తర్వాత వచ్చి రెండు గంటల్లో ఊడదీస్తాం. గోడ పగలదు, పైన చీలిక రాదు.

మీ బడికీ అదే చేయండి మేడమ్. మొదటి రెండు గదుల మధ్య 10 అడుగుల లింటెల్ వేయించి ఇటుకతో మూయించండి. ఇప్పుడు మామూలు గోడే. రేపు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. చివరి రెండు గదుల మధ్య మాత్రం అదే లింటెల్ కింద నాలుగు రెక్కల తలుపు పెట్టించండి. పాత ఇళ్లల్లో హాలుకూ వసారాకూ మధ్య ఉండేది, కావాలంటే రెండు రెక్కలు తీస్తారు, పెళ్లికి నాలుగూ తీస్తారు. బందుల మీద తిరుగుద్ది, కింద పట్టా ఉండదు, ఇసుక బాధ ఉండదు. బరువు చెక్క అయితే శబ్దం కూడా కొంత ఆపుద్ది. కర్ర చెడితే ఊళ్లో వడ్రంగే చేసిపెడతాడు, సిటీ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

ఆ గోడ మీద మాత్రం స్విచ్ బోర్డులూ పైపులూ పెట్టనీకండి. వైరింగ్ అంతా బయటి గోడలకు, కిటికీల పక్కన. లేకపోతే గోడ తీసే రోజు కరెంటోడు కూడా కావాలి.

---

స్లాబు_పిల్లరు

మేస్త్రీ గారూ, దండం. దీనికంటే మంచి డిటైల్ నేను గీయలేను. లింటెల్ సైజు, కమ్మీలు మాత్రం ఇంజినీరు గారి లెక్క ప్రకారం వేయించండి, 10 అడుగుల పొడవు చిన్నదేం కాదు. తెరవాల్సిన గోడ కింద, పునాది మీద వేసే ప్లింత్ బీము పై మట్టం రెండు గదుల గచ్చుతో సమంగా ఉండాలి. లేకపోతే తలుపు తీశాక మధ్యలో గడపలా మిగిలి పిల్లలు తట్టుకుంటారు.

---

చిన్నోడి_నాన్న | కరీంనగర్ | బుధవారం ఉదయం

రాత్రి చదివి, రాయాలా వద్దా అని ఆగి, ఇప్పుడు రాస్తున్నా.

మా బాబుకు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు. మూడో తరగతి. చాలామంది యంత్రం పెడితే మాట వినిపిస్తుంది కదా అనుకుంటారు. యంత్రం టీచరు మాటనూ పెంచుతుంది, ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది, బెంచీ గీసుకున్న చప్పుడునూ పెంచుతుంది. బండ గచ్చు, సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబు ఉన్న గదిలో మాట గోడలకు తగిలి తిరిగొస్తుంది. వాడికి మాట మీద మాట పడి ముద్దలా వినిపిస్తుంది. బడి నుంచి వచ్చాక యంత్రాలు తీసి డబ్బాలో పెట్టి, గంటసేపు ఎవరితోనూ మాట్లాడడు. ఏమైందిరా అంటే "చెవులు అలసిపోయినయ్ నాన్నా" అంటాడు.

గ్రూపులుగా నేర్పడం వాడికి చాలా మంచిది, పక్కనున్న పిల్లలు మొహం చూసి చెప్తారు కాబట్టి. అదే గ్రూపులు నాలుగు ఒకే హాలులో ఉంటే వాడికి బడి మొత్తం మూసుకుపోయినట్టే. మీరు ఎన్ని తలుపులు తెరిచినా, ఒక్క గది మాత్రం నిండు గోడలతో, నిశ్శబ్దంగా ఉంచండి మేడమ్. ఇవాళ మీ బడిలో అలాంటి పిల్లవాడు లేకపోవచ్చు. వస్తాడు.

---

గీతలు_కొలతలు

అన్నా, రాసినందుకు థాంక్స్. ఇది నేనే ముందు చెప్పాల్సింది.

అమెరికాలో తరగతి గదుల శబ్దానికి ఒక ప్రమాణం ఉంది. ఖాళీ గదిలో ఉండే నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదు, చప్పట్లు కొడితే ఆ మోత 0.6 సెకన్లలో అణగాలి. మన బడుల్లో కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి మొదటిది కష్టం. రెండోది మన చేతుల్లో ఉంది. మెత్తటివి శబ్దాన్ని మింగుతాయి. వెనక గోడ పైభాగాన కొబ్బరిపీచు పలకలో, గుడ్డ చుట్టిన మెత్తటి బోర్డులో వేయించండి, పిల్లల బొమ్మలు గుచ్చడానికీ అవే పనికొస్తాయి. తలుపు జతకు ఒకవైపు కూడా అలాంటిదే. ముందూ తర్వాతా గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

మొదటి గదిని నిశ్శబ్దపు గదిగా పెట్టండి. దాని మధ్య గోడకు లింటెల్ ఉన్నా ఇటుకతో నిండుగా మూసే ఉంచండి, మేస్త్రీ గారు చెప్పినట్టు. పంపు, వంటగది, రోడ్డు, అన్నిటికీ దూరంగా ఉన్న చివర ఏదో చూసి అదే మొదటి గది అనుకోండి.

---

ఎస్పో_నుంచి | ఫిన్లాండ్ | బుధవారం మధ్యాహ్నం

నా పిల్లలు ఇక్కడ చదువుతున్నారు. 2016లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక ఇక్కడ కూడా గోడలు తగ్గించిన బడులు చాలా కట్టారు. చూడటానికి చాలా బాగుంటాయి. ఇక్కడి తల్లిదండ్రులు కూడా శబ్దం గురించి అడుగుతూనే ఉంటారు, కాబట్టి ఇది మన దేశపు సమస్య అనుకోకండి.

నేను గమనించింది చిన్న విషయం. పిల్లలు బూట్లు బయట విప్పి సాక్సులతో లోపలికి వెళ్తారు. దానివల్ల గచ్చంతా కూర్చునే చోటవుతుంది, నడిచే చప్పుడు కూడా ఉండదు. ఇది చూసినప్పుడల్లా మా అమ్మమ్మ ఊరి బడి గుర్తొస్తుంది. చెప్పులు వరండాలో విడిచి లోపల కింద కూర్చునేవాళ్లం. బెంచీలు వచ్చాక చెప్పులు లోపలికొచ్చాయి. మీరు వరండాలో చెప్పుల అర పెట్టించి, గదిలో తాండూరు బండ మీద జంపఖానాలు పరిస్తే గది మొత్తం మీకు తిరిగొస్తుంది.

---

పాతబల్ల_పంతులు

బాగా చెప్పావమ్మా. దాంతోపాటు ఒళ్లో పెట్టుకునే రాతపీటలు. ఒక్కో పిల్లవాడు తన పీట తానే మోసుకెళ్తాడు. డెస్కులు 4, 5 తరగతుల గదుల్లో ఉంచుకోండి. అన్నీ తీసేయమనడం లేదు, గంటల తరబడి కింద కూర్చుని రాస్తే పెద్ద పిల్లలకు నడుం నొస్తుంది.

---

ఇద్దరుపిల్లల_అమ్మ

నాలుగు రెక్కల తలుపుకు నేను ఒప్పుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను. ప్రతి గదికీ రెండు దారులు ఉండాలి. 2004లో కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు పోయారు. వంటపాక నుంచి మంట అంటుకుంది, బయటికి రావడానికి దారి చాల్లేదు. మీ డెస్కులు వరండాను మూసేశాయని చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. బల్లలు పెట్టుకోవడానికి ఒక చోటు ప్లాన్‌లోనే ఉండాలి, వరండా కాకుండా.

---

పల్లెబడి_టీచర్ | బుధవారం రాత్రి

ఇది నేను ఆలోచించనే లేదు. 14 నిమిషాలు పోయాయని బాధపడ్డాను గానీ దారి మూశానని తట్టలేదు. రేపే మాట్లాడతాను.

---

పల్లెబడి_టీచర్ | శనివారం సాయంత్రం

మీటింగు అయింది. మూడున్నర గంటలు పట్టింది. ఏం జరిగిందో చెప్తాను.

ఇంజినీరు గారు మొదట ఒప్పుకోలేదు. నేను తాపీ_పని గారి పోస్టు ఫోన్లో చదివి వినిపించాను. మా ఊరి మేస్త్రీ ఒకాయన కమిటీ మెంబరు, వెనక నుంచి లేచి "అది మేం ఎప్పుడూ చేసేదే సార్" అన్నాడు. అంతే, లింటెల్ సంగతి తేలిపోయింది. 1, 2 గదుల మధ్య మూసిన గోడ. 3, 4 మధ్య నాలుగు రెక్కల తలుపు. గది లెక్క తగ్గదు కాబట్టి హెచ్‌ఎం గారికీ ఇబ్బంది లేదు. ప్రతి గదికీ వెనకవైపు ఇంకో తలుపు. వెనక వరకూ వెళ్లేలా ర్యాంపు.

వరండా దగ్గర ఆగిపోయాం. 6 నుంచి 9 అడుగులు చేస్తే స్లాబు పెరుగుతుంది, డబ్బు లేదు. ఎస్టిమేట్ ఒక్కో లైనూ చదివితే గేటు దగ్గర ఆర్చికి పెట్టిన మొత్తం కనిపించింది. ఆర్చి మీద దాతల పేర్లు రావాలి. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. నాలుగో తరగతి పిల్ల తల్లి ఒకావిడ, ఉపాధి పనికి వెళ్లే మనిషి, మీటింగులో ఎప్పుడూ మాట్లాడదు. "ఆర్చి కింద పిల్లలు కూసోరు గదా మేడమ్" అంది. అక్కడినుంచే దాతల్లో పెద్దాయనకు ఫోన్ చేశాం. ఆయన కాసేపు ఆగి, తను రెండో తరగతి ఆ వరండాలోనే చదివానని, వానొస్తే పలక మీద జల్లు పడేదని చెప్పారు. ఆర్చి తీసేయమన్నారు. పేర్లు వరండా అంచున అరుగు మీద చిన్న గ్రానైట్ పలక మీద చాలన్నారు. పైన సన్‌షేడ్ మాత్రం వాన లోపలికి రాకుండా బయటికి దించమన్నారు.

కింది మూడడుగుల బోర్డు పెయింటు నాలుగు గదులకూ ఒప్పుకున్నారు. పంతులు గారూ, ఇది మీ మాటే. తలుపు తిరిగేచోట గచ్చు మీద కోణాలు గీయిస్తామన్నారు, తలుపు తీసేకొద్దీ 30, 60, 90 అని కనిపించేలా. బడి గోడా గచ్చూ కూడా పాఠం చెప్పాలన్న బాలా పద్ధతిలో ఇది ఉందని మా రిసోర్స్ పర్సన్ చెప్పారు.

కుదరనివి కూడా ఉన్నాయి. మెత్తటి పలకలకు ఈ ఏడు డబ్బు లేదు. మొదటి గదికి ఒక్కదానికే వేయిస్తున్నాం. కరీంనగర్ అన్నా, ఆ గది మీ అబ్బాయి లాంటి పిల్లల కోసమని మినిట్స్ పుస్తకంలో రాయించాను. డెస్కులు పెట్టడానికి చోటు ఇంకా దొరకలేదు. పాత గదిలో బియ్యం బస్తాలు జరిపితే దొరకొచ్చు, వంట చేసే అక్కతో సోమవారం కూర్చుంటాను.

మేస్త్రీ గారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. నాలుగు రెక్కల తలుపుకు ఏ కర్ర వేయించాలి? టేకుకు మా దగ్గర డబ్బు చాలదు.

---

తాపీ_పని

వేప వేయించండి మేడమ్. బాగా ఆరిన వేప అయితే అంత త్వరగా చెద పట్టదు. మీ వైపు దొరుకుద్ది. కోసి కనీసం ఆరు నెలలు ఆరబెట్టిందేనా అని అడిగి తీసుకోండి, పచ్చి కర్ర అయితే మొదటి ఎండాకాలానికే రెక్కలు వంకరపోయి మూతపడవు. ఇప్పుడే కొని మీ పాత గదిలో నీడన పేర్పించండి. స్లాబు పడి సెంట్రింగు తీసేసరికి అది ఇంకా ఆరుద్ది.